కమతం జపానుది, నేల టెక్సాసుది

ప్రత్తిపాడు, చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు. ఈ వైపు ఏ ఊరి సెంటర్లో నాలుగు ట్రాక్టర్లు ఆగినా వాదన మొదలవుతుంది. పచ్చ రంగు జాన్ డీర్ ఉన్నాయన, “లాగుడంటే దీనిదే బాబాయ్, రేగట్లో నాగలి ఎంత దించినా బండి తగ్గదు” అంటాడు. నారింజ రంగు కుబోటా ఉన్నాయన, “నీ లాగుడు నువ్వే ఉంచుకో అబ్బాయ్. పొద్దుట్నుంచి మాపటిదాకా తోలినా దీని మీద నడుం పట్టెయ్యదు” అంటాడు. మొదటిది అమెరికా కంపెనీ, రెండోది జపాను కంపెనీ.

కార్లలో ఈ పోటీ మన దేశంలో దాదాపు తేలిపోయింది. జనరల్ మోటార్స్ 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సుజుకి, టయోటా నిలబడ్డాయి. చేలో మాత్రం పోటీ ఇంకా నడుస్తోంది, అదీ మిర్చి, పత్తి పండే నల్లరేగట్లో. సెంటర్లో వాదించుకునే ఆ ఇద్దరూ చెప్పేది నిజమే, కాకపోతే చెరి సగం నిజం. మిగతా సగం బానెట్ మీద పేరులో దొరకదు. ఆ బండి ఏ నేల కోసం పుట్టింది, ఎంత చేను కోసం పుట్టింది, మన నేల దాన్ని ఏం అడుగుతోంది అన్న లెక్కలో దొరుకుతుంది.

జిగురు నేలలో ఒకటి, వరి మడిలో ఒకటి

1837లో ఇల్లినాయి రాష్ట్రంలోని గ్రాండ్ డిటూర్ అనే చిన్న ఊళ్లో జాన్ డీర్ అనే కమ్మరి ఉండేవాడు. అక్కడి ప్రేరీ నేల నల్లగా, సారవంతంగా ఉండేది గానీ మహా జిగురు. పోత ఇనుప నాగళ్లకు మట్టి పట్టేసేది. రైతు కాసేపు దున్నడం, ఆగి కర్రు గీక్కోవడం, మళ్లీ దున్నడం. డీర్ ఒక విరిగిన రంపపు రేకును వంచి, నున్నగా సానపట్టి నాగలి చేశాడు. ఆ నునుపు మీద మట్టి నిలవకుండా జారిపోయింది. కంపెనీ పుట్టుక అదే. వాన పడ్డాక తొందరపడి రేగట్లో నాగలి పెట్టినవాళ్లకు ఆ రైతుల అవస్థ వేరే చెప్పనక్కర్లేదు. 1918లో వాటర్లూ గ్యాసొలిన్ ఇంజన్ కంపెనీని కొనడంతో డీర్ ట్రాక్టర్ల వ్యాపారంలోకి దిగింది.

కుబోటా దారి వేరు. 1890లో గొన్‌షిరో కుబోటా ఒసాకాలో పోత ఇనుము కార్ఖానా పెట్టాడు. కొన్నాళ్లకు ఊళ్లకు మంచినీళ్లు తెచ్చే ఇనుప గొట్టాలే ఆ కంపెనీకి పేరు తెచ్చాయి. వ్యవసాయ యంత్రాలు ఆ తర్వాతి మాట. మెట్ట పొలానికి తగ్గ మొదటి ట్రాక్టరు 1960లో వచ్చింది. అప్పటి జపాను రైతుకు సగటున ఒక హెక్టారు భూమి. అదీ మడులుగా, గట్లతో, ఎక్కువ భాగం వరి. అక్కడ బండి బురదలో దిగబడకూడదు, చిన్న మడిలో తిరగాలి, తక్కువ డీజిలు తాగాలి.

అమెరికాలో సగటు కమతం ఇప్పుడు 400 ఎకరాలు దాటింది. సాలు మొదలుపెడితే చివర కనిపించదు. బండి ఎంత బరువున్నా ఇబ్బంది లేదు, ఎంత వెడల్పు పనిముట్టు లాగిందన్నదే ప్రశ్న. ఈ రెండు అవసరాల్లోంచే రెండు రకాల ఇంజనీరింగ్ పుట్టింది. ఒకదానికి బరువు బలం, ఇంకోదానికి బరువు భారం.

మన నేల రెండూ అడుగుతుంది

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. కంటికి కనిపించనంత పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దాని నిర్మాణం. వాన పడితే నీరు ఆ పొరల మధ్యకి దూరి నేల ఉబ్బుతుంది. ఎండకు ఆ నీరు పోయి ముడుచుకుంటుంది, బారెడు లోతు నెర్రెలు విచ్చుతుంది. ఎండితే రాయి, తడిస్తే బంక. ఆ రెండింటి మధ్య కొన్ని రోజులే నేల నాగలి మాట వింటుంది. దాన్నే రైతు పదును అంటాడు. పదును రాకముందే దున్నితే మట్టి ముద్దలుగా లేచి, ఎండాక బెడ్డలవుతుంది. పదును దాటాక దున్నితే డీజిలే ఖర్చు.

ఇలాంటి నేల అమెరికాలోనూ ఉంది. టెక్సాస్‌లోని బ్లాక్‌ల్యాండ్ ప్రేరీ నేలలు మన రేగడి జాతివే. అక్కడి ‘హ్యూస్టన్ బ్లాక్’ అనే మట్టిని ఆ రాష్ట్రపు ప్రతినిధి నేలగా చెబుతారు. అక్కడా పత్తి పండించారు. అంటే దుక్కి దగ్గరకొచ్చేసరికి మన రేగడి అమెరికా తరహా ప్రశ్నే వేస్తుంది: లాగగలవా?

కమతం దగ్గరకొస్తే మాత్రం మనం జపాను పక్కన నిలబడతాం. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం హెక్టారు కంటే తక్కువే. గట్టు దగ్గర తిప్పుకునేటప్పుడు పక్కవాళ్ల మిర్చి తొక్కకూడదు. అచ్చు తోలి నాటిన మొక్కల మధ్య గుంటక పాటు చెయ్యాలంటే చక్రం సాళ్లలోనే నడవాలి. ఇక్కడ నేల వేసే ప్రశ్న జపాను తరహాది: ఇరుకులో పట్టగలవా?

పుట్టుక ఎంత ముఖ్యమో అమెరికా పత్తి ఏరే యంత్రం చెబుతుంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ దాన్ని 1940ల్లోనే మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ అమెరికాలో పత్తి దాదాపు అంతా యంత్రమే ఏరుతుంది. గుంటూరు చేలలో మాత్రం కూలీల చేతులే ఏరుతున్నాయి. మన హైబ్రిడ్ పత్తి చెట్టు గుబురుగా పెరుగుతుంది, కాయ ఒక్కసారి పగలదు, మూడు నాలుగు విడతలు ఏరాలి. అక్కడి యంత్రానికి పొట్టిగా, దగ్గరగా, ఒక్కసారే పగిలే పైరు కావాలి. యంత్రంలో లోపం లేదు, అది పుట్టిన చేను వేరు.

పాత గుంటూరు జిల్లాలోనే కాస్త దిగువకు వెళ్తే కథ మారిపోతుంది. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణుల్లో రబ్బరు ట్రాకుల మీద నడిచే జపాను తరహా వరికోత యంత్రాలు బురద మడుల్లో తేలిగ్గా తిరుగుతాయి. బండి బరువు ట్రాకుల మీద పరుచుకుంటుంది కాబట్టి దిగబడవు. ఎగువన సాగర్ కుడికాలువ కింద, మెట్టలో ఆ అవసరం వేరు. ఆ పాత జిల్లాలోనే, గంట ప్రయాణం దూరంలో, జవాబు తలకిందులవుతుంది.

లాగుడు ఎక్కడిది?

ఇప్పుడు జాన్ డీర్ ఆయన మాటకు వద్దాం. 45 హెచ్‌పీ తరగతిలో రెండు బళ్లు తీసుకుందాం. జాన్ డీర్ 5045డి ఇంజనులో 3 సిలిండర్లు, నిమిషానికి 2100 చుట్ల దగ్గర పూర్తి శక్తి. కుబోటా ఎంయు4501లో 4 సిలిండర్లు, 2434 సీసీ, 2500 చుట్లు.

హెచ్‌పీ అంటే పని జరిగే వేగం. టార్క్ అంటే ఇరుసును తిప్పే బలం. ఒకే హెచ్‌పీని తక్కువ చుట్ల దగ్గర ఇచ్చే ఇంజనుకు ప్రతి చుట్టులోనూ ఎక్కువ బలం ఉండాలి. లెక్క వేస్తే 45 హెచ్‌పీ 2100 చుట్ల దగ్గర సుమారు 150 న్యూటన్-మీటర్ల టార్క్ అవుతుంది. 2500 చుట్ల దగ్గర సుమారు 126. ఇంజను దగ్గర కొలిస్తే అమెరికా బండికే బలం ఎక్కువ, పచ్చ బండాయన చెప్పింది నిజమే.

కానీ నాగలిని లాగేది ఇంజను ఇరుసు కాదు, వెనక చక్రం. మధ్యలో గేరుబాక్సు ఉంది. వేగంగా తిరిగే ఇంజనును గేర్లు ఎక్కువ తగ్గిస్తాయి, తగ్గించిన కొద్దీ బలం పెరుగుతుంది. చక్రం దగ్గరకొచ్చేసరికి, ఒకే వేగంతో నడుస్తున్న రెండు 45 హెచ్‌పీ బళ్ల బలమూ ఇంచుమించు ఒకటే.

మరి రేగట్లో తేడా ఎందుకు తెలుస్తుంది? బరువు మీద పడినప్పుడు ఇంజను చుట్లు తగ్గుతాయి. అప్పుడు టార్క్ ఎంత పెరుగుతుందన్నదే కీలకం. గట్టి బెడ్డ తగిలి 2100 నుంచి 1500కు దిగినా, టార్క్ 20 శాతం పెరిగే ఇంజనయితే ఊపిరి బిగబట్టి దాటేస్తుంది. పెరగనిదయితే డ్రైవరు క్లచ్చు తొక్కి గేరు మార్చాలి. దీన్ని బ్యాకప్ టార్క్ అంటారు. ఇది దేశాన్ని బట్టి రాదు, ఇంజనును బట్టి వస్తుంది. కొనబోయే మోడల్ పరీక్షా నివేదికలో ఈ అంకె ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. 45 హెచ్‌పీ శక్తి అంతా చక్రానికి చేరితే, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ఆ బండి దాదాపు 2,400 కిలోల బరువుకు సమానమైన లాగుడు ఇవ్వాలి. గేరుబాక్సులో పోయేది తీసేసినా 1,900 మిగులుతుంది. ఆ తరగతి ట్రాక్టరు మొత్తం బరువే 1,800 కిలోల ప్రాంతంలో ఉంటుంది. పొడినేలలో కూడా చక్రం పట్టు దాని మీద పడే బరువులో సుమారు సగం. అంటే నెమ్మదిగా దున్నేటప్పుడు లాగుడుకు హద్దు పెట్టేది ఇంజను కాదు, టైరు కింది నేల. ఇంజనులో బలం ఉంటుంది, చక్రం స్లిప్ కొడుతుంది. చక్రాలకు ఇనుప వెయిట్లు బిగించడం, ట్యూబుల్లో నీళ్లు నింపడం అందుకే. తడి రేగట్లో అయితే మట్టి టైరు పట్టీల మధ్య ఇరుక్కుని, టైరు నున్నటి డ్రమ్ములా మారుతుంది. అప్పుడు ఏ దేశం ఇంజనైనా చేసేదేం లేదు.

ఒక చాక్‌పీసు పరీక్ష

ఈ స్లిప్‌ను ఎవరైనా తమ చేలోనే కొలుచుకోవచ్చు. వెనక టైరు అంచు మీద చాక్‌పీసుతో గీత పెట్టండి. పనిముట్టు పైకెత్తి, చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా బండి నడిపి, ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవండి. తర్వాత పనిముట్టు దించి, అదే గేరులో, అదే నేల మీద మళ్లీ 10 చుట్లు. మొదటిసారి 40 మీటర్లు, రెండోసారి 34 మీటర్లు వచ్చాయనుకుందాం. 6 మీటర్లు స్లిప్‌లో పోయాయి, అంటే 15 శాతం.

దుక్కిలో 8 నుంచి 15 శాతం దాకా స్లిప్ మామూలే. 20 దాటితే డీజిలు, టైరు రెండూ కరిగిపోతున్నట్టు. వెయిట్లు పెంచాలి, లేదా పనిముట్టు తగ్గించాలి. 5 లోపే ఉంటే బండి మీద అనవసరపు బరువుందని అర్థం, ఆ బరువును మోయడానికీ డీజిలు ఖర్చవుతోంది. డీలరు డెమో ఇచ్చేటప్పుడు రెండు కంపెనీల బళ్లకూ మీ కల్టివేటరే తగిలించి ఈ పరీక్ష చేస్తే, సెంటర్లో నెలరోజుల వాదన అరగంటలో తేలుతుంది.

చప్పుడు, అదురు

ఇక కుబోటా ఆయన నడుం సంగతి. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకోసారి మండుతుంది. 3 సిలిండర్ల ఇంజను 2100 చుట్ల దగ్గర సెకనుకు 52 సార్లు తన్నితే, 4 సిలిండర్లది 2500 దగ్గర 83 సార్లు తంతుంది. ఒక్కో తన్ను చిన్నది, తన్నుల మధ్య ఎడం తక్కువ. చెవికి సాఫీగా వినిపించేది అందుకే.

అయితే 4 సిలిండర్ల ఇంజనుకు ఒక పుట్టుక లోపం ఉంది. పిస్టన్లు పైకీ కిందకీ కదిలే తీరు వల్ల, ఇంజను వేగానికి రెట్టింపు వేగంతో నిలువుగా ఒక అదురు పుడుతుంది. దానికి మందు కనిపెట్టింది జపాను వాళ్లు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ లాంచెస్టర్, ఎదురెదురుగా తిరిగే రెండు బ్యాలెన్సర్ ఇరుసులతో ఆ అదురును చంపవచ్చని చూపించాడు. 1970ల్లో మిత్సుబిషి ఆ ఆలోచనకు మెరుగులు దిద్ది కార్లలో పెట్టింది. కుబోటా ఎంయు బళ్లలో ఉన్నదీ బ్యాలెన్సర్ ఇరుసులే. 3 సిలిండర్ల ఇంజనులో ఈ నిలువు అదురు ఉండదు గానీ, ముందు వెనకలుగా ఊగే గుణం ఉంటుంది. రెండిటికీ వేర్వేరు జబ్బులు, వేర్వేరు మందులు.

నడుం నొప్పికి అసలు కారణం మాత్రం ఇంజను కాదు. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే అదురుకు ఎక్కువగా దెబ్బతింటుంది. ఆ అదురు బెడ్డల మీద టైరు ఎగరడం వల్ల వస్తుంది. మామూలు ట్రాక్టరు వెనక ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. మధ్యలో ఉన్నవి టైరు గాలి, సీటు, అంతే. మంచి సీటు, సరిపడా గాలి ఏ రంగు బండిలోనైనా నడుమును కాపాడతాయి. సీటు స్ప్రింగు విరిగి గోనెసంచి మడిచి వేసుకున్న బండిలో ఏ బ్యాలెన్సరూ కాపాడదు.

బరువు ఎప్పుడు వరం, ఎప్పుడు శాపం

వేసవి దుక్కికి బరువు కావాలి. 2 మీటర్ల కల్టివేటర్ గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిస్తే, మలుపుల్లో పోయేది తీసేసి గంటకు రెండెకరాలు సాగుతుంది. పదును నాలుగు రోజులే ఉన్నప్పుడు ఆ వేగమే పంట. కుబోటా నియోస్టార్ బి2441 లాంటి 24 హెచ్‌పీ చిన్న బండి మీటరు వెడల్పు పనిముట్టుతో ఆ గంటలో ఎకరం కూడా చేయలేదు. 650 కిలోల లోపు బరువున్న బండి నాలుగు చక్రాలతో పట్టినా, 300 కిలోలకు మించి లాగమంటే స్లిప్ కొడుతుంది. లోతు దుక్కి దాని పని కాదు.

కానీ పత్తి మోకాలెత్తు పెరిగాక ఆ పెద్ద బండి చేలోకి రాలేదు. మీటరు అటూఇటూ వెడల్పున్న చిన్న బండి సాళ్ల మధ్య దూరి, గుంటక పాటు చేసి వచ్చేస్తుంది. అరకలూ, వాటిని తోలేవాళ్లూ తగ్గిపోతున్న చోట ఇది చిన్న సంగతి కాదు.

బరువుకు ఇంకో ఖరీదు ఉంది. పైపొర మీద ఒత్తిడి టైరు గాలిని బట్టి ఉంటుంది. లోతున నేల గట్టిపడటం మాత్రం ఇరుసు మీది మొత్తం బరువును బట్టి ఉంటుంది. తడి నేలలో బరువు బండి పదేపదే తిరిగినా, ఏటా ఒకే లోతున రోటవేటర్ తిప్పినా నాగలి కింద గట్టిపొర ఏర్పడుతుంది. మిర్చి వేరు అక్కడ ఆగిపోతుంది, వాన నీరు దిగక మొక్క ఉరకెత్తుతుంది. ఆ నష్టం బండి ఖాతాలో ఎవరూ రాయరు, తెగులు ఖాతాలో రాస్తారు.

నాణ్యత ఎవరి సొత్తు?

“జపాను వస్తువంటే నాణ్యత” అన్న మాట వెనక ఒక పత్తి కథ ఉంది. సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గంలో దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోయేది. తప్పు జరిగిన చోటే ఆపాలి, చెడిన గుడ్డ నేసుకుంటూ పోకూడదన్నది సూత్రం. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ ఆ మగ్గం హక్కులను లక్ష పౌండ్లకు కొనుక్కుంది. ఆయన కొడుకు కియిచిరో కార్ల వైపు మళ్లాడు. అదే టయోటా. తప్పు కనిపించగానే కార్ల వరసను ఆపే హక్కు కార్మికుడికి ఇచ్చిన పద్ధతికి మూలం ఆ మగ్గమే.

రెండో మూలం అమెరికాలో ఉంది. తయారీలో తేడాలను గణాంకాలతో పట్టుకునే పద్ధతిని 1924లో బెల్ సంస్థలో వాల్టర్ షూహార్ట్ మొదలుపెట్టాడు. దాన్ని 1950లో జపాను ఇంజనీర్లకు బోధించింది ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్. 1951 నుంచి ఆయన పేరునే జపాను నాణ్యతా బహుమతి ఇస్తోంది. ఆ బహుమతి పొందిన మొట్టమొదటి ట్రాక్టరు కంపెనీ అమెరికాదీ కాదు, జపానుదీ కాదు. 2003లో అందుకున్న మన మహీంద్రా. అదే మహీంద్రా 1963లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ పొత్తుతో.

నాణ్యత జాతిలో ఉందా, పద్ధతిలో ఉందా అన్నదానికి గట్టి సాక్ష్యం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో దొరికింది. నాసిరకం పనికి, గొడవలకు పేరుమోసిన జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1982లో మూతపడింది. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి దాన్నే తెరిచాయి. ఎక్కువమంది పాత కార్మికులే. పద్ధతి మాత్రం టయోటాది. కొద్ది కాలంలోనే అక్కడి కార్లు జపాను ఫ్యాక్టరీల నాణ్యతకు దగ్గరగా వచ్చాయి.

ఇక దేశాల సరిహద్దులు ఎప్పుడో చెరిగిపోయాయి. 1970ల చివర్లో జాన్ డీర్ పేరుతో అమ్మిన చిన్న ట్రాక్టర్లను చేసింది జపానుకు చెందిన యాన్మార్. ఫోర్డ్ పేరుతో వచ్చిన చిన్న ట్రాక్టర్లు షిబౌరావి. ఫరీదాబాద్‌లోని ఎస్కార్ట్స్ 1971 నుంచి ఫోర్డ్ ట్రాక్టర్లు చేసింది. 2022లో అదే కంపెనీ కుబోటా చేతిలోకి వచ్చి ఎస్కార్ట్స్ కుబోటా అయింది. మన చేలలో తిరిగే జాన్ డీర్ మన దేశంలోనే తయారవుతుంది. డల్లాస్‌లో స్థిరపడ్డ గుంటూరు అబ్బాయి నడిపే టయోటా కామ్రీ కెంటకీ రాష్ట్రంలో తయారైన బండే.

నమ్మకం కాదు, నివేదిక

బండి గురించి కంపెనీ చెప్పేది నమ్మాలా అన్న ప్రశ్న వందేళ్ల క్రితమే ఒక రైతు వేశాడు. నెబ్రాస్కాకు చెందిన విల్మట్ క్రోజియర్ ‘ఫోర్డ్’ పేరు చూసి ఒక ట్రాక్టరు కొన్నాడు. అది హెన్రీ ఫోర్డుది కాదు. ఆ పేరుతో వ్యాపారం చేయడానికి మినియాపొలిస్‌లో వేరే ఎవరో పెట్టిన కంపెనీ. బండి పనికిరాలేదు. శాసనసభ్యుడయ్యాక, పరీక్ష నెగ్గని ట్రాక్టరు తమ రాష్ట్రంలో అమ్మకూడదని 1919లో చట్టం తెచ్చాడు. 1920లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో మొదటి పరీక్షకు నిలబడింది, డీర్ కొన్న వాటర్లూ కంపెనీ వారి ట్రాక్టరే.

మనకూ అలాంటి ఏర్పాటుంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణాదికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఆ నివేదికల్లో బ్యాకప్ టార్క్, లిఫ్టు బలం, డ్రైవరు చెవి దగ్గర చప్పుడు, డీజిలు వాడకం అన్నీ అంకెల్లో ఉంటాయి.

డీజిలు అంకె ఒక్కటి చూద్దాం. ఒక కిలోవాట్-గంట పనికి ఎన్ని గ్రాముల డీజిలు కాలుతుందో అందులో రాస్తారు. రెండు బళ్ల మధ్య 10 గ్రాముల తేడా ఉందనుకుందాం. సగటున 20 కిలోవాట్ల పని చేస్తే గంటకు 200 గ్రాములు, అంటే పావు లీటరుకు కాస్త తక్కువ. కిరాయికి ఏడాదికి 800 గంటలు తిరిగే బండికి అది 190 లీటర్లు దాటుతుంది. సొంత చేనుకే 150 గంటలు వాడేవారికి 36 లీటర్లు. ఒకే తేడా ఒకరికి నిర్ణయం మార్చేంత, ఇంకొకరికి పట్టించుకోనక్కర్లేనంత.

ఆగిపోతే ఎవరొస్తారు?

రేగటి దుమ్ము సన్నటిది. ఎయిర్ ఫిల్టరు దాటితే పిస్టను రింగులనూ, లైనర్లనూ అరగదీసి ఇంజనును బోరుకు తెస్తుంది. ఫిల్టరు దులపని జపాను బండి కంటే, రోజూ దులిపే ఏ బండైనా ఎక్కువ కాలం బతుకుతుంది.

మన దేశంలో 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటితో ఆ తరగతి బళ్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణతో డీజిలు చిమ్మే ఇంజన్లు పెరిగాయి. పొగ తగ్గింది, కానీ లోపం పట్టుకోవాలంటే పానా చాలదు, కంప్యూటరు కావాలి. అమెరికాలో ఇదే పెద్ద తగాదా అయింది. తమ ట్రాక్టరు తాము బాగుచేసుకోనివ్వకుండా సాఫ్ట్‌వేర్ తాళాలు వేస్తోందని రైతులు జాన్ డీర్ మీద తిరగబడ్డారు. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీపై దావా వేసింది. 50 లోపు హెచ్‌పీలో మన ఊరి మెకానిక్ చెయ్యి ఇంకా పనికొస్తుంది. పెద్ద బండి కొనేవారు మాత్రం సర్వీసు సెంటరు ఎన్ని కిలోమీటర్లో ముందే కొలుచుకోవాలి. పదును రోజుల్లో రెండు రోజులు బండి ఆగిపోతే, పది గ్రాముల డీజిలు ఆదా ఎందుకూ కొరగాదు.

అందుకే పక్కింటాయన కొన్న బండే కొనడాన్ని తీసిపారెయ్యక్కర్లేదు. ఊళ్లో ఒకే మోడలు పది ఉంటే మెకానిక్‌కు దాని గుట్టు తెలుస్తుంది, కొట్లో స్పేరు పార్టులుంటాయి, అమ్ముకోవాలంటే కొనేవాడు దొరుకుతాడు. ఇష్టం అని మనం అనుకునేదాంట్లో సగం ఈ లెక్కే. మిగతా సగం రంగు, పరువు, మనవాడి మాట. దానికి తప్పు పట్టలేం, కానీ అప్పు మాత్రం ఆ సగానికీ వడ్డీ అడుగుతుంది.

తీర్పు ఒక్క ముక్కలో చెప్పమంటే ఇలా చెప్పవచ్చు. మెట్ట దుక్కి, కిరాయి, మిర్చి టిక్కీల ట్రక్కు లాగడం ముఖ్యమైతే 45 నుంచి 50 హెచ్‌పీలో బ్యాకప్ టార్క్, బరువు ఉన్న బండి చూడండి, అది ఏ దేశానిదైనా సరే. పత్తి, మిర్చి సాళ్ల మధ్య పాటు, మందు కొట్టడం ముఖ్యమైతే ఆరేడు వందల కిలోల చిన్న బండి చాలు, ఆ తరహాలో జపాను అనుభవం పెద్దది. రెండూ కావాలంటే ఒక్క బండి మీద రెండు పనులూ రుద్దకండి. పెద్దది కిరాయికి పిలుచుకోండి, చిన్నది నలుగురు కలిసి కొనుక్కోండి. కొనేముందు పరీక్షా నివేదిక అడగండి, మీ చేలో, మీ పనిముట్టుతో, పదునులో తోలి చూడండి. ఇవ్వనన్న డీలరు దగ్గర కొనకండి.